చూసి వచ్చిన మనిషి మాట



ఇది మా మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పారు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అప్పజెప్పించుకుని సరిపెట్టుకునే మనిషి కాదు. పాఠంలో ఏ వాక్యం చదివినా రెండు ప్రశ్నలు వేసేవారు. ఇది చూసిందెవరు? వాళ్ళ మాట నమ్మిందెవరు? మొదటి ప్రశ్నకు మేం ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. రెండో ప్రశ్న దగ్గర క్లాసంతా తల దించుకునేది. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను ఊళ్ళోకొస్తే జీతంలో కొంత అక్కడే ఖర్చయ్యేది. ఆయన అల్మరాలో సోవియట్ భూమి సంచికలు ఏళ్ళ వారీగా కట్టలు కట్టి ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం గురించి ఆయన చెప్పినన్ని సంగతులు మా పాఠ్యపుస్తకంలో లేవు.

అందుకే ఇవాళ ఆ యుద్ధంలో సోవియట్ వైపు నుంచే ఒక పతకాన్ని, దాన్ని సంపాదించిన ఒక పైలట్‌ను తీసుకున్నాను. పతకం పేరు ఎర్రజెండా ఆర్డర్. పైలట్ పేరు అన్నా యెగొరోవా. నేను చెప్పదలచింది ఒకటే. శత్రువుల మీదికి వేగు చూడటానికి వెళ్ళిన పైలట్‌కు ఇచ్చే పతకం ధైర్యానికి ఇచ్చినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఆ పైలట్ మాటను నమ్మినందుకు రాజ్యం రాసిచ్చిన పత్రం. ఆ నమ్మకాన్ని రాజ్యం వెనక్కి తీసుకుంటే పతకం ఏమవుతుంది? దీన్ని అంచెలంచెలుగా చూద్దాం.

1. తన దళాలెక్కడున్నాయో తెలియని సైన్యం

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడింది. ఆ వేసవిలో ఎర్రసైన్యం ఉక్రెయిన్ పొడవునా వెనక్కి నడుస్తోంది. టెలిఫోను తీగలు తెగిపోయాయి. వైర్‌లెస్ సెట్లు చాలవు. ప్రధాన స్థావరంలో గోడకు మ్యాపు ఉంటుంది, దాని మీద పెన్సిలు గుర్తులుంటాయి. ఆ గుర్తు పెట్టినచోట ఆ డివిజన్ ఇంకా ఉందా, చుట్టుముట్టబడిందా, అసలు మిగిలిందా అంటే చెప్పేవాడు లేడు. పెద్ద సైన్యం ఓడిపోవడానికి తుపాకులు చాలకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. తనవాళ్ళెక్కడున్నారో తనకే తెలియకపోతే చాలు.

ఆ లోటు తీర్చడానికి వాడిన సాధనం యు-2 అనే చిన్న విమానం. నికొలాయ్ పొలికార్పోవ్ దీన్ని 1920ల చివర్లో తయారుచేసింది కుర్రవాళ్ళకు విమానం నడపడం నేర్పడానికి. చెక్క చట్రం, దాని మీద గుడ్డ, ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, 100 హార్స్‌పవర్ ఇంజను. వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం కష్టం. పైకప్పు లేదు. రష్యా చలికాలంలో పైలట్ మొహానికి గాలి నేరుగా తగులుతుంది. పొలికార్పోవ్ 1944లో చనిపోయాక ఆయన పేరు మీదే దీన్ని పో-2 అన్నారు. రాత్రిళ్ళు దీంతో బాంబులు వేసిన ఆడపిల్లల దళం గురించి మీలో చాలామంది చదివే ఉంటారు. నేను చెప్పేది ఆ దళం గురించి కాదు. బాంబులు లేకుండా, పట్టపగలు, ఇదే విమానంలో వెళ్ళినవాళ్ళ గురించి.

సదరన్ ఫ్రంట్ కింద 130వ సమాచార విమాన స్క్వాడ్రన్ ఉండేది. 1941 ఆగస్టులో అందులో చేరేనాటికి యెగొరోవాకు ఇంకా 25 ఏళ్ళు నిండలేదు. సీల్ వేసిన కాగితాలు అందించడం, జాడ తెలియని దళాన్ని వెతికి పట్టుకోవడం, శత్రువు ఎటు కదులుతున్నాడో చూసి రావడం ఆమె పని. దళం కనిపిస్తే పొలంలో దించాలి. కింద దుమ్ము రేపుకుంటూ పోతున్న వాహనాల వరుస మనదా, వాళ్ళదా అన్నది దించకముందే తేల్చుకోవాలి. పొరపడితే రెండో అవకాశం లేదు. తిరగబడి కాల్చడానికి విమానంలో ఆయుధం లేదు. జర్మన్ యుద్ధవిమానం మెస్సర్‌ష్మిట్ వెంటపడితే ఉన్న ఉపాయం ఒక్కటే: చెట్ల కొసలు తగిలేంత కిందికి దిగి, వాగుల వెంట, లోయల వెంట మలుపులు తిరుగుతూ పోవడం. మెస్సర్‌ష్మిట్ అంత నెమ్మదిగా ఎగరలేదు. నెమ్మదే ఇక్కడ రక్ష.

ఆ రక్ష అన్నిసార్లూ పనిచేయలేదు. 1942లో యెగొరోవా ఒక ఉత్తర్వు తీసుకుపోతుండగా జర్మన్ యుద్ధవిమానాలు ఆమె యు-2ని తగలబెట్టాయి. దిగి అడవి వైపు పరుగెత్తుతుంటే పైనుంచి కాల్పులు ఆగలేదు. విమానం కాలి బూడిదయింది. కాగితం మాత్రం ఆమె దగ్గరే ఉంది. అక్కణ్ణుంచి నేల మీద దారి వెతుక్కుంటూ పోయి దాన్ని చేరవలసినచోటికి చేర్చింది.

ఈ స్క్వాడ్రన్‌లో ఆమె 236 సార్లు ఇలాంటి పనుల మీద వెళ్ళింది. ఆ సంఖ్య దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. బాంబు వేసినవాడి పని నేల మీద కనిపిస్తుంది. కూలిన వంతెన ఉంటుంది, కాలిన ట్యాంకు ఉంటుంది, ఇంకో విమానం వెళ్ళి ఫొటో తీయవచ్చు. చిన్న విమానంలో ఒంటరిగా వేగు చూసి వచ్చిన పైలట్ దగ్గర ఏముంటుంది? ఫలానా రోడ్డు మీద ఇన్ని బండ్లు చూశాను, ఫలానా ఊళ్ళో మనవాళ్ళు లేరు అన్న మాట ఉంటుంది. ఆ మాట విని జనరల్ మ్యాపు మీద గుర్తు చెరిపేస్తాడు, వేలమందిని ఈ దారి నుంచి ఆ దారికి మళ్ళిస్తాడు. మాట అబద్ధమైతే, భయంతో సగం దారిలో వెనక్కి తిరిగి ఊహించి చెప్పినదైతే, వాళ్ళంతా పోతారు. 236 సార్లు వెళ్ళడమంటే ఆ మాటలను ఏడాదిన్నర పాటు నమ్మడం. ఆ నమ్మకానికి గుర్తుగా ఆమెకు ఎర్రజెండా ఆర్డర్ ఇచ్చారు.

2. వెండి బిళ్ళ, దాని వెనక కాగితం

ఎర్రజెండా ఆర్డర్‌ను బొల్షెవిక్ ప్రభుత్వం 1918 సెప్టెంబరు 16న, అంతర్యుద్ధం మధ్యలో నెలకొల్పింది. జారు కాలపు పతకాలన్నీ రద్దుచేసిన కొత్త రాజ్యం పెట్టుకున్న మొదటి పురస్కారం ఇదే. వెండితో చేసి బంగారు పూత పెడతారు. ఎర్ర ఎనామిల్ జెండా, దాని మీద ప్రపంచ కార్మికులను ఏకం కమ్మనే నినాదం, నక్షత్రం, సుత్తి, నాగలి, కొడవలి. వెనక వైపు ఒక క్రమసంఖ్య. మొదట్లో దీన్ని మరతో చొక్కాకు బిగించుకునేవారు. 1943 నుంచి రిబ్బను కట్టిన అయిదు మూలల పట్టీకి వేలాడదీశారు.

వస్తువు గురించి ఇంతకన్నా చెప్పను. నాకు దాని వెనక కాగితం ముఖ్యం. సాహసానికి ఇచ్చే ప్రతి సోవియట్ యుద్ధ పురస్కారానికీ ముందు ఒక సిఫార్సు పత్రం ఉంటుంది. పేరు, పుట్టిన ఏడు, హోదా, పార్టీ సభ్యత్వం, అంతకుముందు వచ్చిన పతకాలు వరుసగా రాస్తారు. ఆ తరువాత, ఆ మనిషి స్వయంగా చేసిన సాహసాన్ని క్లుప్తంగా, స్పష్టంగా రాయమని ఒక ఖాళీ. కింద పైఅధికారుల సంతకాలు. 2010లో రష్యా రక్షణ శాఖ ఈ పత్రాలను లక్షల సంఖ్యలో ఇంటర్నెట్‌లో పెట్టింది. పెన్సిలు రాతలూ, టైపు మిషను అక్షరాలూ, కొట్టివేతలూ అన్నీ అందులో ఉన్నాయి. చరిత్ర చదివే పిల్లలు ఇక్కడ కొందరున్నారు. మీరు ఎప్పుడైనా వాటిని చూస్తే ఒకటి గమనించండి. ఆ ఖాళీలో రాసింది పైలట్ కాదు, పైలట్ చెప్పింది నమ్మిన మనిషి.

1944 జూన్‌లో ఒక ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం సైన్యంలో 20 ఏళ్ళు సర్వీసు పూర్తిచేసినవారికి కూడా ఇదే ఎర్రజెండా ఆర్డర్ ఇస్తారు. 1950ల చివర్లో ఆ పద్ధతి ఆపేశారు. ఈ మధ్యకాలంలో, నిప్పుల్లో నుంచి వచ్చినవారి ఛాతీ మీదా, ఆఫీసులో క్రమంగా మెట్లెక్కినవారి ఛాతీ మీదా ఒకే వెండి బిళ్ళ మెరిసింది. సర్వీసును చిన్నచూపు చూసి ఈ మాట అనడం లేదు. బిళ్ళ తనంతట తాను ఏమీ చెప్పదని మాత్రమే అంటున్నాను. దాని వెనక ఎవరు ఎవరిని నమ్మారన్నది తెలిస్తేనే దానికి అర్థం.

ఆ నమ్మకం ఎంత బలహీనమో ఈ పతకం పుట్టుకలోనే ఉంది. మొట్టమొదటి ఎర్రజెండా ఆర్డర్ అందుకున్న వీరుడు వసీలీ బ్లూఖెర్. తరువాత సోవియట్ యూనియన్ మార్షల్ అయ్యాడు. 1938లో అరెస్టు చేశారు. నవంబరు 9న కస్టడీలో, దెబ్బల మధ్య చనిపోయాడు. రాజ్యం మొదట నమ్మి పతకమిచ్చిన మనిషినే శత్రువన్నది.

3. అదే 1938

యెగొరోవాను రాజ్యం అనుమానించడం కూడా ఆ ఏడాదే మొదలయింది.

ఆమె 1916లో త్వేర్ ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టింది. మాస్కోకు వచ్చి భూగర్భ రైలు మార్గం, అదే మెట్రో, కట్టే పనిలో చేరింది. అప్పట్లో ఆ పనిచేసే యువతీ యువకులకు విమానాల క్లబ్బు ఉండేది. పగలు నేల కింద ఇనప చువ్వలు కట్టి, తక్కిన వేళల్లో గాలిలోకి ఎగరడం నేర్చుకుంది. ఉల్యానోవ్స్క్ విమాన శిక్షణ పాఠశాలలో సీటు వచ్చింది. ఇంతలో ఆమె అన్న వసీలీని ప్రజల శత్రువని అరెస్టు చేశారు. పాఠశాల ఆమెను బయటికి పంపేసింది. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఎగరడంలో లోపమూ లేదు. అన్న పేరు చాలింది.

ఆమె వదిలిపెట్టలేదు. ఖెర్సోన్‌లోని శిక్షణ పాఠశాలలో చేరి, బోధకురాలిగా అర్హత పొంది, కలీనిన్ నగరంలో కుర్రవాళ్ళకు విమానం నడపడం నేర్పింది. యుద్ధం వచ్చాక, ఒకనాడు గెంటేసిన రాజ్యమే ఆమె కళ్ళ మీద ఆధారపడింది. ఈ వరుస గుర్తుంచుకోండి. ముందు అనుమానం, తరువాత నమ్మకం. మూడోది ఇప్పుడు వస్తుంది.

4. విస్తులా ఒడ్డున

1943 మొదట్లో ఆమె కోరుకుని యుద్ధవిమానాల దళంలోకి మారింది. 805వ రెజిమెంటు, ఇల్-2 విమానం. ఇది ఉక్కు కవచం ఉన్న బరువైన విమానం, నేలకు దగ్గరగా ఎగురుతూ ట్యాంకులను, కందకాలను కొడుతుంది. మగవాళ్ళే దీన్ని నడపలేకపోతున్నారని, ఆడపిల్లకు ఎందుకని చాలామంది నిరుత్సాహపరిచారు. ఆమె వినలేదు. 1943 మేలో కుబాన్‌లో జర్మన్ల రక్షణ రేఖ ముందు పొగ తెర పరచవలసి వచ్చింది. కిందనుంచి ఫిరంగులు కాలుస్తుంటే అటూ ఇటూ తప్పుకోకుండా, తిరిగి కాల్చకుండా, తిన్నగా పోవాలి. తప్పుకుంటే తెరలో కంత పడుతుంది, ఆ కంతలో నుంచి వచ్చే కాల్పులకు మన కాల్బలం చస్తుంది. అది చేసి వచ్చిన పైలట్లకు ఎర్రజెండా ఆర్డర్లు ఇచ్చారు. ఆమెకు అది రెండోది.

1944 ఆగస్టులో, పోలండ్‌లో, విస్తులా నది దాటి పట్టుకున్న మాగ్నుషెవ్ స్థావరం మీద జర్మన్లు ఎదురుదాడి చేస్తున్నారు. యెగొరోవా అప్పటికి రెజిమెంటు నావిగేటర్. వెళ్ళింది 277వ సారి. విమాన విధ్వంసక ఫిరంగి దెబ్బకు ఇల్-2 మంటల్లో చిక్కుకుంది. వెనక కూర్చున్న గన్నర్ యెవ్‌దొకియా నజార్కినా చనిపోయింది. ఆమె కూడా యువతే. యెగొరోవా బయటపడింది గానీ పారాచూట్ పూర్తిగా విచ్చుకోలేదు. ఒళ్ళంతా కాలి, ఎముకలు విరిగి, శత్రువుల చేతికి చిక్కింది. రెజిమెంటు ఆమె పోయిందనుకుంది. ఇంటికి చావు కబురు వెళ్ళింది. మరణానంతరం సోవియట్ యూనియన్ వీరురాలి బిరుదు ఇవ్వమని సిఫార్సు కూడా వెళ్ళింది.

ఆమెను చేర్చిన చోటు ఓడర్ నది ఒడ్డున క్యూస్ట్రిన్ యుద్ధఖైదీల శిబిరం, స్టలాగ్ 3-సి. అక్కడ చికిత్స లేకుండా ఆమె చనిపోయి ఉండేది. చనిపోకుండా చూసింది తోటి ఖైదీలు. గియోర్గీ సిన్యకోవ్ అనే సర్జన్, 1941లో కీవ్ దగ్గర పట్టుబడ్డవాడు, ఆ శిబిరంలో రోగులను చూసేవాడు. చనిపోయారని నమ్మించి ఎందరో ఖైదీలను బయటికి దాటించిన మనిషి. యుగోస్లావియా నుంచి వచ్చిన పావ్లె త్ర్పినాత్స్ అనే ప్రొఫెసర్ ఆయనకు తోడు. కాలిన పైలట్‌ను చూడటానికి తమను పంపమని వీళ్ళు పట్టుబట్టారు. పంపారు. ఒక మహిళా పైలట్ వచ్చిందని తెలిసి వేర్వేరు దేశాల ఖైదీలు తమ రొట్టెలో ముక్క మిగిల్చి పంపేవారు.

ఆమెతోపాటు యూలియా అనే యువ వైద్య సహాయకురాలు ఉండేది. యెగొరోవా దగ్గరున్న పతకాలను, పార్టీ కార్డును యూలియా దాచింది. దొరికితే ప్రాణం పోతుంది. విడుదల అయ్యేదాకా అవి దొరకలేదు. వీళ్ళెవరూ ఆమె సిఫార్సు పత్రం చదవలేదు. ఆమె ఎవరో ఆమె చెబితేనే తెలిసింది. చెప్పింది నమ్మారు.

5. ప్రశ్న తలకిందులైన చోటు

1945 జనవరి 31న సోవియట్ ట్యాంకులు శిబిరం తలుపులు తెరిచాయి.

ఆ తరువాత జరిగింది మీరు ఊహించినదే అయినా వివరంగా చెప్పాలి. స్మెర్ష్ అనే సైనిక గూఢచర్య నిరోధక విభాగం ఆమెను పట్టుకుపోయింది. పది రోజుల పాటు రాత్రిళ్ళు విచారించారు. కాలిన గాయాలు ఇంకా మానలేదు. ఎందుకు లొంగిపోయావు, జర్మన్లు నీకు ఏ పని అప్పగించారు అని అడిగారు. ఈ పతకాలు, పార్టీ కార్డు నీకు ఎక్కడివి అనీ అడిగారు. ఆమె తరువాత రాసిన జ్ఞాపకాల్లో ఈ సంగతి ఉంది.

ఇక్కడే నా వాదం నిలుస్తుందో కూలుతుందో తేలాలి. 236 సార్లు ఆమె మాట నమ్మి రాజ్యం ఇచ్చిన వస్తువు, చావుకు తెగించి ఒక ఖైదీ దాచిపెట్టిన వస్తువు, రాజ్యం చేతిలోకి తిరిగి రాగానే నేరానికి సాక్ష్యమయింది. ఖైదు నుంచి పతకంతో రావడమే అనుమానానికి కారణం. పతకం వెనక క్రమసంఖ్య ఉంది. ఒక్క టెలిగ్రాంతో ఆ సంఖ్య ఎవరిదో తేలుతుంది. అడిగినవాళ్ళకు ఆ సమాచారం అవసరం లేదు. పతకాన్ని కాదు, మనిషిని నమ్మకూడదని ముందే నిర్ణయం అయిపోయింది.

అలా నిర్ణయించింది ఆ గదిలో కూర్చున్న అధికారి ఒక్కడే కాదు. 1941 ఆగస్టు 16న స్టాలిన్ 270వ నంబరు ఉత్తర్వు జారీచేశాడు. దాని ప్రకారం లొంగిపోయిన అధికారి పారిపోయినవాడితో సమానం, కుటుంబాన్ని అరెస్టు చేయవచ్చు. ఆ యుద్ధంలో పట్టుబడిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు. వారిలో 30 లక్షల మందికి పైగా జర్మన్ శిబిరాల్లో ఆకలితో, చలితో, తూటాలతో పోయారు. మిగిలినవారు ఇంటిదారి పట్టేసరికి విచారణ శిబిరాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ లక్షల మందిలో యెగొరోవా అదృష్టవంతురాలు. పదకొండో రోజు, నన్ను కాల్చండి లేదా వదలండి అని పైఅధికారి ముందు నిలబడింది. వదిలిపెట్టారు. ఆరోగ్యం సరిలేదని సైన్యం నుంచి పంపేశారు. తన డివిజన్‌కు కమాండర్‌గా పనిచేసిన వ్యచెస్లావ్ తిమొఫేయెవ్‌ను ఆమె పెళ్ళి చేసుకుంది. చనిపోయిందనుకున్నప్పుడు వెళ్ళిన వీరురాలి సిఫార్సు, బతికి వచ్చాక కదలలేదు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించే విషయం. చనిపోయిన మనిషిని నమ్మడానికి రాజ్యానికి అభ్యంతరం లేకపోయింది.

6. నమ్మినవాళ్ళు

మిఖాయిల్ దెవ్యతాయెవ్ సంగతి కూడా చెప్పాలి. ఆయన ఫైటర్ పైలట్, జర్మన్ల ఖైదీ. 1945 ఫిబ్రవరి 8న ఉసెడోమ్ ద్వీపం నుంచి జర్మన్ బాంబర్‌నే ఎత్తుకుని తోటి ఖైదీలతో సహా ఎగిరి వచ్చాడు. ఆయన్నీ అనుమానించారు. వీరుడి బిరుదు 1957లో గాని రాలేదు. యుద్ధఖైదీల మీది మచ్చ తుడవాలని పార్టీ, ప్రభుత్వం కలిసి 1956లో ఒక తీర్మానం చేశాక అది సాధ్యమయింది.

యెగొరోవా విషయంలో దారి తెరిచింది ఒక పత్రిక. 1961లో లితరతూర్నయా గజేతా ఆమె గురించి రాసింది. ఆమె తన గొప్ప చెప్పుకోవడం కన్నా సిన్యకోవ్ గురించి చెప్పడానికి తాపత్రయపడింది. చెల్యాబిన్స్క్‌లో ట్రాక్టర్ కర్మాగారం కార్మికులకు వైద్యం చేస్తున్న ఆ డాక్టర్ క్యూస్ట్రిన్‌లో ఏం చేశాడో అప్పటిదాకా చుట్టుపక్కల వాళ్ళకు తెలియదు. ఆయనా చెప్పుకోలేదు. ఖైదులో ఉన్నానని చెప్పుకోవడం అప్పుడు క్షేమం కాదు. ఆమె చెప్పింది చదివి ఆయన బతికించిన మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. వేగు చూసి వచ్చి చెప్పడం ఆమెకు వచ్చిన పని. ఈసారి చూసి వచ్చింది శిబిరాన్ని, చెప్పింది అక్కడి మనుషుల గురించి, నమ్మింది పాఠకులు.

1965 మే 6న, విజయం సాధించి 20 ఏళ్ళయిన సందర్భంలో, అన్నా యెగొరోవా సోవియట్ యూనియన్ వీరురాలయింది. అప్పటికి ఆమెకు 48 ఏళ్ళు. సిన్యకోవ్ 1978లో చనిపోయాడు. ఆయనకు వీరుడి బిరుదు రాలేదు. శిబిరంలోని సాహసాన్ని రాయడానికి సిఫార్సు పత్రంలో ఖాళీ లేదు.

మిగిలిన యుద్ధఖైదీలకు న్యాయమైన హక్కులన్నీ తిరిగి ఇస్తున్నామన్న ఉత్తర్వు 1995 జనవరి 24న వచ్చింది. క్యూస్ట్రిన్ తలుపులు తెరుచుకుని అప్పటికి 50 ఏళ్ళకు ఒక వారం తక్కువ. సంతకం పెట్టింది రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్ట్‌సిన్. ఎర్రజెండా ఆర్డర్ ఇచ్చిన సోవియట్ రాజ్యం అప్పటికే లేదు. యెగొరోవా ఉంది. ఆమె 2009లో, 93 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.